స్కైలైన్

దూరం నుంచి చూస్తే ఊళ్లోని మేడలు, గోపురాలు, మినార్లు ఆకాశం మీద గీసినట్టు కనిపించే అంచే స్కైలైన్. క్షితిజం అనుకునేరు, అది వేరు. ‘హైదరాబాద్ స్కైలైన్ మారిపోతోంది’ అన్న వార్త నిజమో కాదో తేలాలంటే గోల్కొండ కోట పైకెక్కి పడమటికి చూడండి: కోకాపేట వైపు టవర్లు, వాటి నెత్తిన క్రేన్లు. స్థలాన్ని బట్టి నిర్మాణానికి హద్దు పెట్టే ఎఫ్‌ఎస్‌ఐ నిబంధనను 2006లో ఎత్తేయడమే దీనికి పెద్ద కారణం.

లండన్‌ది ఇంకో దారి. సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం మరుగున పడకూడదని 1930ల నుంచే చుట్టుపక్కల ఎత్తులకు కళ్లెం వేశారు. పదహారు కిలోమీటర్ల అవతలున్న రిచ్‌మండ్ పార్కు దిబ్బ మీది నుంచీ అది కనబడాల్సిందే!

మన చార్మినార్ ఎత్తు దాదాపు 56 మీటర్లు. కోకాపేట టవర్లు కొన్ని 200 మీటర్లు దాటేశాయి.