సవర గోడచిత్రములలో వేట - ఎర

అనంతగిరి, అరకు ప్రాంతముల గిరిజనులకు చైత్రమాసమున ఇటుకల పండుగ జరుపుకొని వేటకు బయలుదేరు ఆచారము కలదు. అట్టి వేటబ్రతుకు గోడపై ఎట్లు రూపొందినదో చూడదలచినవారు ఈ తూర్పుకనుమల వెంబడి ఈశాన్యముగా సాగి సీతంపేట, పర్లాకిమిడి, గుణుపురము కొండలలోని సవరల పల్లెలను చేరవలెను.

సవరలు ఎఱ్ఱమట్టి పూసిన గోడపై బియ్యపుపిండి కలిపిన నీటితో వ్రాయు చిత్రమునకు ఇడితాల్ అని పేరు. గీతలతో కట్టిన చట్రము నడుమ మనుష్యులు, ఏనుగులు, పులులు, లేళ్లు, నెమళ్లు, విల్లు పట్టిన వేటగాండ్రు కిక్కిరిసి కనబడుదురు. 1951, 1955 సంవత్సరములలో వెలువడిన వెరియర్ ఎల్విన్ గ్రంథములలో వీని ప్రతిరూపములు పెక్కు కలవు. చూచినంతనే ఇవి వేటదృశ్యములని తోచును. అంతటితో ఆగుట సరికాదని మా అభిప్రాయము.

లేపాక్షిలోని పదునాఱవ శతాబ్దపు కిరాతార్జునీయ చిత్రములో శివార్జునులిరువురును ఒక పందినే వేటాడుదురు. అచ్చట వేట కథలోని ఘట్టము. కథ తెలిసినవానికి చిత్రము తెలియును. ఇడితాల్ కథ చెప్పుటకై వ్రాసినది కాదు. అది ఆత్మకు కట్టి యిచ్చిన ఇల్లు. ఇంటిలో నొకరు జబ్బుపడగా, పూజారి అందులకు కారణమైన ఆత్మను గుర్తించి, దానికై చిత్రము వ్రాయించును.

మృతుల ఆత్మలను సవరలు 'సొనుం' అందురు. అవి బ్రతికినవారిని తినుననియు, రోగమనగా నదియే ననియు వారి నమ్మకము. 1993లో ప్రకటితమైన పియర్స్ విటెబ్‌స్కీ గ్రంథము దీనిని విపులముగా వివరించినది. చిరుతపులి వాతబడినవాడు చిరుత సొనుంలో కలిసి, తనవారికిని అట్టి చావే తెచ్చునట. నిన్నటి ఎర నేడు వేటాడునదగుచున్నది. బలిపశువు మనిషికి మాఱుగా దాని ఆకలి తీర్చును. కావున ఈ చిత్రమునందలి అసలు వేట పులికిని లేడికిని నడుమ లేదు. ఆకలిగొన్న ఆత్మకును, ఆ గోడప్రక్కనే పడుకొన్న రోగికిని నడుమ నున్నది. ఆ వేటను ఆపుటకే చిత్రము.

నేడు సవరలలో పలువురు క్రైస్తవమతము స్వీకరించిరి. గోడ విడిచిన బొమ్మలు గుడ్డపైని, కాగితముపైని అమ్మకమునకు వచ్చుచున్నవి. చిత్రకారులకది జీవనోపాధి, దానిని మేము తప్పు పట్టము. కాని 'పులి, లేడి, వేటగాడు' అని పట్టిక వ్రాసికొని మరలివచ్చు పరిశోధకుడు సగమే తెచ్చును. ఈ చిత్రము ఎవరికొఱకు, ఏ రోగమునకు, ఏ బలితో వ్రాయబడినది అని కూడ అడుగవలెను. సమాధానము చెప్పగల వృద్ధులు ఉన్నపుడే అడుగవలెను.