విషమెక్కిన నేలకు ఎరువు వైద్యం

పర్యావరణ సంస్థలో ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన అడిగారు: ‘పాత బ్యాటరీలు కరిగించిన చోట నేలలో సీసం చేరింది. కంపోస్టు వేస్తే పోతుందా?’

‘పోతుంది సార్, సూక్ష్మజీవులు తినేస్తాయి’ అన్నారంటే ఆ కొలువు మీ చేయి దాటినట్టే. సీసం ఒక మూలకం. దాన్ని ఏ సూక్ష్మజీవీ తిని మాయం చేయలేదు. అలాగని కంపోస్టు పనికిరాదనీ కాదు. నేలలో చేరింది ఏ విషమో చూసి, ఎరువు ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ చేయదో చెప్పగలగడమే ఈ రంగంలో అసలు నైపుణ్యం.

ముందు బాగా పనిచేసే చోటు చూద్దాం. డీజిల్, క్రూడాయిల్, కొన్ని పురుగుమందులు, పేలుడు పదార్థాలు... ఇవన్నీ కార్బన్‌తో కట్టిన అణువులు. సూక్ష్మజీవులు వీటిని విడగొట్టగలవు. కానీ నూనె ఇంకిన నేలలో గాలి ఆడదు, నీరు దిగదు. కార్బన్ కుప్పలుగా ఉన్నా నత్రజని ఉండదు. అన్నం ఉండి కూర లేనట్టు! పశువుల ఎరువు, ఊక, రంపపుపొట్టు కలిపితే గాలి, తేమ, నత్రజని, కొత్త సూక్ష్మజీవులు అన్నీ ఒకేసారి అందుతాయి. కార్బన్, నత్రజని 25-30 పాళ్లకు ఒక పాలు ఉండేలా, తేమ సగానికి కాస్త పైన ఉండేలా చూస్తే దిబ్బ లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. అప్పుడప్పుడూ తిరగేస్తుండాలి. మన ఊళ్లో పెంటకుప్ప పొగలు కక్కడం చూసే ఉంటారు, అదే సూత్రం.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలోని ఒరెగాన్‌లో ఉంది. అక్కడి యుమటిల్లా ఆయుధ డిపోలో 1950, 60ల్లో బాంబుల్లోని మందును వేడినీళ్లతో కడిగి, ఆ నీళ్లను గుంటల్లోకి వదిలేశారు. నేల నిండా టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్. బట్టీలో కాల్చడానికి ఖర్చెక్కువ. 1990ల్లో ఆ మట్టిని తవ్వి పశువుల పేడ, అల్ఫాల్ఫా గడ్డి, రంపపుపొట్టు, బంగాళదుంపల వ్యర్థాలు కలిపి దిబ్బలు పోశారు. అలా దాదాపు 15,000 టన్నుల మట్టిని శుభ్రం చేశారు. పేడతో పేలుడు మందును విరగ్గొట్టడమంటే నమ్మబుద్ధి కాదు కానీ, జరిగింది అదే.

మన దేశంలో చమురు నేలల మీద ‘టెరి’ సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ వాడుతున్నారు. చమురును తినే బ్యాక్టీరియాను మొక్కజొన్న బెండు పొడికి పట్టించి చల్లుతారు. దీనికోసం ఓఎన్‌జీసీతో కలిసి ప్రత్యేక కంపెనీయే పెట్టారు.

ఇప్పుడు సీసం సంగతికొద్దాం. కంపోస్టులోని హ్యూమస్ సీసాన్ని, కొంతవరకు కాడ్మియాన్ని గట్టిగా పట్టుకుంటుంది. లోహం నేలలోనే ఉంటుంది, కానీ మొక్క వేరుకు, భూగర్భ జలానికి తేలిగ్గా అందదు. కాబట్టి ‘శుభ్రమైంది’ అనకూడదు, ‘కదలకుండా కట్టిపడేశాం’ అనాలి. ఏళ్ల తరబడి పరీక్షిస్తూనే ఉండాలి. ఆర్సెనిక్ దగ్గరైతే కథ తిరగబడొచ్చు. ఎరువులోని ఫాస్ఫేట్ దాని చోటు ఆక్రమించి దాన్ని నీళ్లలోకి నెట్టేసే ప్రమాదం ఉంది. మంచి చేయబోయి పక్కింటి బోరులో విషం కలిపినవాళ్లం అవుతాం.

ఇంకో చిక్కు. ఊరి చెత్తతో చేసిన కంపోస్టులోనే లోహాలు ఉండొచ్చు. అందుకే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సిటీ కంపోస్టుకు హద్దులు పెట్టింది. కిలోకు సీసం 100, కాడ్మియం 5, ఆర్సెనిక్ 10 మిల్లీగ్రాములకు మించకూడదు. ఈ మూడు అంకెలూ నోటికి వచ్చుంటే ఇంటర్వ్యూలో పనికొస్తాయి.

మరి ఉద్యోగాలు ఎక్కడ? కేంద్ర పర్యావరణ శాఖ 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న చోటును గుర్తించడం, మట్టి, నీరు పరీక్షించడం, బాగుచేయడం, ఆ ఖర్చు కాలుష్యం చేసినవారి నుంచే రాబట్టడం ఇందులో ఉన్నాయి. అప్పటికి దేశంలో 103 స్థలాలు గుర్తిస్తే, పని మొదలైంది ఏడింటిలోనే. మనకేం సంబంధం అనుకోకండి. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం ఉన్నాయి. అయితే నిబంధనలు వచ్చాయి కాబట్టి రేపే వేల కొలువులు అని ఎవరైనా కోర్సు అమ్మజూపితే జాగ్రత్త. రంగం ఇంకా చిన్నది, మెల్లగా పెరుగుతోంది.

మొదటి ఉద్యోగం ఎక్కువగా పరీక్షల ల్యాబుల్లో, పర్యావరణ కన్సల్టెన్సీల్లో, పాత చెత్తగుట్టల బయోమైనింగ్ చేసే కాంట్రాక్టు సంస్థల్లో దొరుకుతుంది. ఎండలో తిరగాలి, వాసన భరించాలి. ఏసీ గది కావాలనుకుంటే ఇది మీకు కాదు. ప్రభుత్వం వైపు చూస్తే కాలుష్య నియంత్రణ మండళ్లలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్, అనలిస్టు పోస్టులు. పరిశోధన ఇష్టమైతే నాగ్‌పుర్ కేంద్రంగా ఉన్న నీరి. దీనికి హైదరాబాద్‌లో జోనల్ సెంటర్ ఉంది. బీటెక్ వాళ్లు గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు రాయొచ్చు, 2021 నుంచి అది విడిగా ఉంది. అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లకు సాయిల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ సరైన దారి.

చదువుతో పాటు నేర్చుకోవాల్సింది నమూనా తీయడం. ఎక్కడ, ఎంత లోతున తీశారు, ఏ సీసాలో ఎవరు ల్యాబ్‌కి చేర్చారు అన్నది రాసి లేకపోతే కోట్ల రూపాయల యంత్రం ఇచ్చిన రిపోర్టు కూడా కేసులో నిలవదు. క్యూజీఐఎస్ ఉచితం, మ్యాపులు గీయడం అందులో నేర్చుకోండి.

చేతిలో చూపించడానికి ఏమీ లేదంటారా? మీ లెక్చరర్‌ని అడిగి కాలేజీ ల్యాబులోనే ఇది చేయండి. ఒకే మట్టిని తొమ్మిది కుండీల్లో నింపండి. మూడింట్లో ఉత్త మట్టి. మూడింట్లో మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన వాడేసిన ఇంజినాయిల్, కొలిచి. మిగతా మూడింట్లో అంతే ఆయిల్, దానికి తోడు కంపోస్టు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. తేమ చూస్తూ, వారానికోసారి కలుపుతూ ఉండండి. మొదట్లో, నెలకు, మూడు నెలలకు ఒక్కో కుండీ మట్టిలో 20 పెసలు వేసి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. తారీఖుతో ఫొటో తీయండి. అనుకున్నది రాకపోయినా అంకెలు మార్చకండి, ఎందుకు రాలేదో పక్కనే రాసుకోండి. అయిపోయాక ఆ మట్టిని తోటలో పారబోయకుండా ల్యాబు ప్రమాదకర వ్యర్థాల డబ్బాలోనే వేయండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఆ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి.