మేమెవరము?

క్రొత్తచోటికి పోయినపుడు మనకు మొదట ఎదురగు ప్రశ్న "మీరెవరండీ?" అనునది. దానికి మనమిచ్చు ప్రత్యుత్తరములన్నియు ఒక్క తీరుననే యుండును. ఫలానావారి కోడలిని, ఫలానావారి భార్యను, ఫలానా పిల్లవాని తల్లిని అని చెప్పి ఊరకుందుము. ఇవి అసత్యములు కావు; వీనివలన మన గౌరవమునకు లోపమును లేదు. అయినను ఇన్ని చెప్పిన పిదపకూడ మన సంగతి ఒక్కటియు చెప్పినట్లు కాదు గదా!

ఈ యాలోచన మాకు 2011వ సంవత్సరమున కలిగినది. ఆ ఫిబ్రవరి మాసమున జనాభా లెక్కల ఉద్యోగి మా యింటికి వచ్చి, వీధియరుగుపై కూర్చుండి, మావారిని ఒక్కొక్క ప్రశ్నయే అడిగి వ్రాసికొనుచుండెను. మా వంతు రాగానే "వారేమి పని చేస్తారు?" అని యడిగెను. "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని మావారు చెప్పిరి. అప్పుడు మేము ఆయనకు మజ్జిగ తెచ్చుచు గుమ్మములో నిలిచియుంటిమి. మా కొప్పులో లేసు సూది గుచ్చియే యున్నది! మావారియందు దోషము లేదు. ఇంటిపనులు చేసికొనువారిని ఆ లెక్కలలోనే పనిచేయనివారి వరుసలో చేర్చుదురు. అయినను ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. లేచి దీపము వెలిగించి, మమ్ము గూర్చి మేమే ఒక పరిచయము వ్రాసికొంటిమి. దానినే నేడు మీ ముందుంచుచున్నాము.

మేము నర్సాపురమునకు చేరువనున్న ఒక పల్లెలో పుట్టితిమి. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు నేర్పిన లేసు అల్లకము ఆ ప్రాంతమున ఇంటింటను పాతుకొన్నది. మా పదవయేట పొరుగింటి పిన్నిగారు మా చేతికి కొక్కెపుసూది నిచ్చి, మొదట గొలుసును, పిదప పూవును నేర్పిరి. ఒక్క కన్ను లెక్క తప్పినచో అల్లినదంతయు విప్పవలసినదే. ఓర్పు మాకు బడిలో గాక ఆ దారమునందే అలవడినది. మరియా మీస్ అను జర్మను విదుషీమణి ఈ నర్సాపురపు స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రచురించిరి. వీరి లేసు విదేశములకు పోయి అమ్ముడగుచున్నను, వీరిని పనివారుగా గాక తీరికవేళ కాలక్షేపము చేయు ఇల్లాండ్రుగానే లోకము చూచుచున్నదని ఆమె అందు చూపిరి. ఆ సంగతి తెలిసినపుడు మా అరుగుమీది మాట మాకు మరల జ్ఞప్తికి వచ్చినది. ఈ లేసునకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

మా రెండవ వ్యాపకము పెరడు. బీరపూవు సాయంకాలమున విచ్చును. అడుగున చిన్న పిందెతో పుట్టినది ఆడపూవు. వట్టి కాడపై నిలిచినది మగపూవు. తేనెటీగలు రాని దినములలో మగపూవును కోసి, దాని పుప్పొడిని ఆడపూవునకు మేమే తాకింతుము. నాలుగు దినములకు పిందె సాగినచో మాకు పండుగయే.

మూడవది వీణ. నలువది దాటిన పిదప మొదలుపెట్టితిమి. సరళీవరుసలు దాటుటకే ఏడాది పట్టినది. ఒకనాడు అత్తగారు వంటయింటినుండి "అమ్మాయీ, నీ మాయామాళవగౌళకు పాలు పొంగిపోయాయి" అని కేక వేసిరి. ఇద్దరమును కడుపుబ్బ నవ్వుకొంటిమి. మరునాటినుండి మా సాధనవేళ పాలకుండకు వారే కాపలా కాచిరి.

ఇన్నింటికి తీరిక ఎక్కడిదని మీరడుగవచ్చును. తీరిక యనునది మాకెన్నడును దొరకలేదు. అన్నము ఉడుకునంతసేపు నాలుగు వరుసల లేసు, మధ్యాహ్నము అందరును పండుకొనినపుడు అరగంట వీణ, అంతియే. కొన్ని వ్యాపకములు నడుమనే విడిచితిమి. కుట్టుయంత్రము రెండేండ్లుగా మూతపడియున్నది. దానికి మేము సిగ్గుపడుటలేదు.

మనకు ముందును ఇట్టివారు కలరు. భండారు అచ్చమాంబగారు బడికి పోక, తమ సోదరులు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సాయమున ఇంటనే చదువు నేర్చిరి. 1901లో స్త్రీల జీవితచరిత్రలతో "అబలాసచ్చరిత్ర రత్నమాల"ను వెలువరించిరి, కథలు వ్రాసిరి, స్త్రీసమాజములకై పాటుపడిరి. 1905లో పరమపదించునాటికి వారి వయస్సు ముప్పదియేండ్ల ప్రాంతమే. తరువాతి కాలమున భానుమతీ రామకృష్ణగారు నటియై, గాయనియై, 1953లో "చండీరాణి"కి దర్శకురాలై, ఇవి చాలవన్నట్లు "అత్తగారి కథలు" వ్రాసి నవ్వించిరి. వీరిని ఫలానావారి భార్యలని చెప్పి ముగింపగలమా?

అయితే పేరుపొందనివారి మాట యేమి? మా అమ్మగారు సంక్రాంతి నెలలో ఒక పెద్ద మెలికల ముగ్గు వేయుచుండిరి. గీత ఒక్కటే, అన్ని చుక్కలను చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చి చేరెడిది. వారు దానిని కాగితముపై వేయలేదు, మేమును అడుగలేదు. ప్రతియేడును చూచుచున్నదే గదా యనుకొంటిమి. 2013లో వారు స్వర్గస్థులైరి. మరుసటి సంక్రాంతికి వాకిట చుక్కలు పెట్టి కూర్చుంటిమి. గీత సగము దూరము చక్కగా పోయి, పిదప త్రోవ తప్పినది. నాటినుండి ఎన్నిమారులు యత్నించినను మూడు చుక్కలు గీతకు లోబడక మిగిలిపోవుచునే యున్నవి. మా అమ్మగారిని గూర్చి ఎవరైన అడిగినచో, వారు మాకు తల్లి యని మాత్రమే చెప్పగలుగుచున్నాము. ఆ ముగ్గునందు నిండియున్న మనిషిని మేము పోగొట్టుకొంటిమి.

కావున సోదరీమణులారా, మీ చేతులకును మనస్సునకును ప్రియమైన వానిని ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. అంతకంటె ముందు, మీ తల్లిగారు గాని అత్తగారు గాని మీ చెంతనున్నచో, నేడే వారి ప్రక్కన కూర్చుండి "మీకేమి ఇష్టము?" అని అడుగుడు. మేము అడుగని ఆ ప్రశ్నను మీరైన అడుగవలెనని మా మనవి.