ఒక్క మిల్లీమీటరు డయల్

1940 వేసవిలో ఇంగ్లండ్ దక్షిణ తీరాన, వార్మ్‌వెల్ స్థావరం నుంచి జర్మన్ విమానాలకు ఎదురెళ్ళిన స్పిట్‌ఫైర్లలో కొన్నిటికి హైదరాబాద్ పేరుంది. బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్ విమానాలవి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా సమకూర్చిన దళం కాబట్టి పేరులో ‘హైదరాబాద్’ చేరింది, చిహ్నంలోకి నిజాం తలపాగా ఎక్కింది. నిజాం గారికి ఇదేమీ మొదటిసారి కాదు. 1918లోనే ఆయన సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ విమానాలు వచ్చాయి, ఆ దళం కూడా హైదరాబాద్ పేరే పెట్టుకుంది.

ప్లాస్టిక్ మోడళ్ళు కట్టేవారికి స్పిట్‌ఫైర్ కొత్త కాదు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో తెచ్చిన మొట్టమొదటి విమానం కిట్ అదే. ఆ కంపెనీ అధిపతి నికొలస్ కోవ్‌కు మాత్రం అది అమ్ముడుపోతుందన్న నమ్మకం లేదు. అచ్చు ఖర్చు డిజైన్ చేసినవాళ్ళ దగ్గరే వసూలు చేస్తానని బెదిరించాడట. ఇవాళ హైటెక్ సిటీ చుట్టుపక్కల ఏ ఫ్లాటులోనైనా ఆదివారం పూట ఈ పని పెట్టుకున్నవాళ్ళకు రెక్కలు, తోక పూట గడిచేలోగా అతుక్కుంటాయి. వారాలు తినేది కాక్‌పిట్. పన్నెండు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని ఆ గుంటలో సీటు, బెల్టులు, మీటలు, గొట్టాలు, ఆ పైన డయళ్ళు పట్టాలి.

లెక్క చూడండి. విమాన పరికరాల్లో ఎక్కువగా వాడే ప్రామాణిక డయల్ వ్యాసం 3⅛ అంగుళాలు, అంటే దాదాపు 79 మి.మీ. మోడళ్ళలో అందరికీ తెలిసిన 1/72 కొలతకు దించితే అది 1.1 మి.మీ. అవుతుంది, ఆవగింజకన్నా చిన్నది. 1/48లో 1.65, 1/32లో రెండున్నర. ఆవగింజ మీద ముల్లు, అంకెలు, అంచున గీతలు ఎలా వేస్తారు? వేయరు. వేసినట్టు కంటిని నమ్మిస్తారు. ఈ విద్య చరిత్రంతా ఆ నమ్మించడంలో వచ్చిన మార్పులే.

అసలు కాక్‌పిట్‌లో అన్ని డయళ్ళు ఎందుకు చేరాయో ముందు చెప్పుకోవాలి. మొదటి తరం పైలట్లు కంటిచూపునూ కూర్చున్న సీటు అదురునూ నమ్ముకుని ఎగిరారు. మబ్బులోకి దూరితే ఆ రెండూ మోసం చేస్తాయి. మలుపు నెమ్మదిగా మొదలై అలాగే సాగితే లోపలి చెవి కాసేపటికి దాన్ని గమనించడం మానేస్తుంది. పైలట్ మాత్రం తిన్నగా వెళ్తున్నాననే అనుకుంటాడు. 1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ తన కాక్‌పిట్ మీద ముసుగు కప్పించుకుని, బయటి ప్రపంచం కనబడకుండా లేచి, తిరిగి, దిగాడు. ఎందుకైనా మంచిదని ముందు సీట్లో బెన్ కెల్సీ అనే మరో పైలట్ కూర్చున్నాడు. డూలిటిల్ కళ్ళెదుట ఉన్నవి స్పెర్రీ వారి జైరో క్షితిజ సూచి, కోల్స్‌మన్ తయారు చేసిన సున్నితమైన ఆల్టిమీటర్ లాంటి పరికరాలు. విమానం లోపలి పలక అలంకారం దశ దాటింది అక్కడే.

1930ల చివరికి బ్రిటిష్ వాయుసేన ఆరు పరికరాలను ఏరి, ఒకే వరుసక్రమంలో ఒకే పలక మీద బిగించింది. వేగం, క్షితిజం, ఎక్కే దిగే రేటు పై వరుస. ఎత్తు, దిశ, మలుపు కింది వరుస. ఏ విమానం ఎక్కినా వాటి స్థానం మారదు. కాబట్టి పైలట్ కళ్ళు వెతుక్కోనక్కర్లేదు. స్పిట్‌ఫైర్ పలక నడిబొడ్డున ఉన్నది ఈ ఆరే. మోడల్‌లో మిగతావి అటూఇటూ అయినా పట్టించుకునేవారు తక్కువ. ఈ ఆరింటి అమరిక తప్పితే మాత్రం తెలిసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు.

అదే 1929లో మరో తమాషా జరిగింది. అమెరికాలో బింగ్‌హామ్టన్ ఊళ్ళో ఎడ్విన్ లింక్ అనే యువకుడు, తండ్రి ఆర్గన్ వాద్యాల కర్మాగారంలో తిత్తులూ గాలిగొట్టాలూ వాడి, నేలమీదే ఊగే శిక్షణ విమానం కట్టాడు. మొదట్లో దాన్ని వినోదానికి కొన్నవాళ్ళే ఎక్కువ. 1934లో తపాలా మోసే సైనిక పైలట్లు వాతావరణం బాగోలేక వరసగా కూలిపోయాక అమెరికా సైన్యం ఆరు కొంది. పొట్టి రెక్కలు, బుజ్జి తోక, బయటికి అచ్చం తిరునాళ్ళ బొమ్మ. లోపల డయళ్ళు మాత్రం నిజం విమానానివే. మోడల్ కట్టేవాడిది సరిగ్గా తలకిందులు వ్యవహారం. వాడి విమానం బయటికి కొలతల ప్రకారం నిజం, లోపల మాత్రం నాటకం.

1/72 కొలతకు పుట్టిల్లు బ్రిటన్. ఆరడుగులకు ఒక అంగుళం అన్నమాట. ఆరడుగుల మనిషి అంగుళం బొమ్మవుతాడు. 1932లో స్కైబర్డ్స్ పేరుతో చెక్క కిట్లు ఈ కొలతలో వచ్చాయి. 1936లో ఫ్రాగ్ కంపెనీ ‘పెంగ్విన్’ వరసను సెల్యులోజ్ ఎసిటేట్ ప్లాస్టిక్‌తో తెచ్చింది. యుద్ధంలో అమెరికా నౌకాదళం బడిపిల్లల చేత అయిదు లక్షల చెక్క మోడళ్ళు చెక్కించాలని పూనుకున్నప్పుడు కూడా కొలత 1/72 గానే ఉంచింది. ఆకాశంలో కనబడే ఆకారాన్ని బట్టి శత్రువెవరో మిత్రుడెవరో పోల్చుకోవడానికి అవి. నల్లరంగు పూస్తే చాలు, కాక్‌పిట్ ఊసే లేదు. తర్వాత పాలీస్టైరీన్ కిట్ల తొలిరోజుల్లోనూ పద్ధతి దాదాపు అంతే. ఒక బల్లచెక్కలాంటి సీటు, భుజాల దాకా ఉన్న పైలట్. వాడి తల పెద్దది కావడం వల్ల వెనక ఏమీ లేదన్న సంగతి కప్పబడిపోయేది. నన్నడిగితే అది తెలివైన ఉపాయమే.

ఆ గుంటను నింపడం మొదలయ్యాక అసలు చిక్కులు బయటపడ్డాయి. మొదటిది గోడ మందం. నిజం విమానపు రేకు మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. కిట్‌లో ప్లాస్టిక్ గోడ కూడా దాదాపు మిల్లీమీటరే. 72తో గుణిస్తే ఏడు సెంటీమీటర్ల పైచిలుకు! యుద్ధట్యాంకు గోడలాంటిది. రెండు పక్కలా కలిపి రెండు మిల్లీమీటర్లు పోతే మిగిలిన ఇరుకులో కొలతకు సరిగ్గా తగ్గించిన సీటు, పక్కపలకలు ఎలా పడతాయి? అందుకే కిట్‌లోదానికి బదులు విడిగా అమ్మే రెసిన్ కాక్‌పిట్ కొన్నవాడు ముందు చేసే పని గోడలను లోపలినుంచి గీకి పలచన చేయడం. వెలుతురు తగిలితే ప్లాస్టిక్ మెరిసేదాకా గీకుతారు. పైనున్న పారదర్శకపు మూతకూ ఇదే జబ్బు. మందపాటి మూత కటకంలా వంపులు తిప్పి లోపలున్నదాన్ని చెదరగొడుతుంది.

రెండోది కన్ను. మామూలు చూపున్న మనిషి రెండు గుర్తులను విడివిడిగా పోల్చుకోవాలంటే వాటి మధ్య కంటి దగ్గర కనీసం ఒక కోణీయ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, ఎడం ఉండాలి. ముప్పై సెంటీమీటర్ల దూరంలో అది 0.09 మి.మీ. దీన్ని 1/72 మోడల్‌కు అన్వయిస్తే, నిజం విమానంలో ఆరు మిల్లీమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువులు మోడల్‌లో ఒకటిగా కలిసిపోతాయి. డయల్ మీద అంకెలు ఎంత శ్రద్ధగా ముద్రించినా బూడిదరంగు మసకే. కానీ ఇక్కడ ప్రకృతి చిన్న సందు వదిలింది. రెండు చుక్కలను విడదీయడం వేరు, ఒక చుక్క ఉందని కనిపెట్టడం వేరు. నల్లటి నేపథ్యం మీద తెల్లచుక్క ఆ హద్దుకన్నా చిన్నదైనా మెరుపులా కంటికి ఆనుతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు అంకెలు వదిలేసి, సన్నటి సూదిమొనతో తెల్ల చుక్కలు రెండు మూడు పెడతారు. అంకెల సంగతి మెదడు చూసుకుంటుంది.

వెలుతురుదీ ఇదే కథ. ఎండలో నిలబెట్టిన విమానంలో నీడలు కత్తితో కోసినట్టుంటాయి, ఎందుకంటే ఆకాశంలో సూర్యుడు అర డిగ్రీ వెడల్పే. మన బల్లమీది ట్యూబ్‌లైటు మోడల్‌కు నాలుగు పక్కలా వెలుగు పూసి నీడలను చంపేస్తుంది. కాబట్టి నీడలను రంగుతోనే పెట్టాలి. పల్చటి ముదురురంగు నీళ్ళు మూలల్లోకి పారించడం, ఆరాక దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో అంచుల మీద లేతరంగు రాయడం అందుకే. ఫొటో చూసి అచ్చం అదే రంగు వేస్తే కాక్‌పిట్ ఒక చీకటి గొయ్యిలా మిగులుతుంది.

పనిముట్ల సంగతికొస్తే, పెద్ద మలుపు ఇత్తడి రేకుతో వచ్చింది. మిల్లీమీటరులో పదో వంతు మందమున్న రేకు మీద కాంతికి స్పందించే పూత పూసి, బొమ్మ గీసిన ఫిల్ము గుండా అతినీలలోహిత కాంతి పడనిచ్చి, కడిగాక పూత పోయినచోట లోహాన్ని ఫెర్రిక్ క్లోరైడ్‌తో తినిపిస్తారు. సర్క్యూట్ బోర్డులు చేసే పద్ధతికి ఇది తోబుట్టువు. చిప్ డిజైన్ చేసే సైబరాబాద్ ఇంజినీరుకు వేరే చెప్పనక్కర్లేదు, కాంతితో బొమ్మ అచ్చువేయడం వాళ్ళ వృత్తికీ మూలమే. చెక్ దేశంలో 1989లో మొదలైన ఎడ్యుఆర్డ్ లాంటి కంపెనీలు ఈ రేకులను ఇంటింటి సరుకు చేశాయి. డయళ్ళకు వాడే చిట్కా ముచ్చటైనది. గుండ్రటి కన్నాలున్న ఇత్తడి పలక వెనక, ముళ్ళూ గీతలూ పారదర్శకంగా ఉన్న నల్లటి ఫిల్ము అతికించి, ఫిల్ము వీపున తెల్లరంగు వేస్తారు. ముందునుంచి చూస్తే నల్లటి డయల్‌లో తెల్లటి ముల్లు. పైన ఒక్క బొట్టు నిగనిగలాడే వార్నిష్ వేస్తే అద్దం. సీటుబెల్టులు వంచేముందు రేకును మంటలో కాస్త కాల్చాలి. అప్పుడది మెత్తబడి సీటు మీద గుడ్డలా ఒదుగుతుంది. లేకపోతే స్ప్రింగులా లేచి మనల్ని వెక్కిరిస్తుంది. ఇక మీటలకు పైసా ఖర్చు లేదు. కిట్ చట్రంలో మిగిలిన ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగకు మెత్తబరచి లాగితే వెంట్రుకంత దారం వస్తుంది.

రంగుల తగవు వేరే ఉంది. తొలి స్పిట్‌ఫైర్లలో లోహపు సీటు, దానికి కాక్‌పిట్ లోపల వేసే ఆకుపచ్చే. తరవాతి వాటిలో రెసిన్‌తో గట్టిపరచిన పదార్థం, ఇటుక రంగు. 1940 నాటి విమానానికి ఏది వేయాలన్నది ఎన్ని సాయంత్రాలు మాట్లాడుకున్నా తెగదు. మిగ్-21ది ఇంకో రకం. రష్యన్లు దాని లోపలంతా నీలి ఆకుపచ్చ పూశారు. పలక మధ్యలో నిలువుగా ఒక తెల్లగీత ఉంటుంది. విమానం గిర్రున తిరుగుతూ పడిపోతుంటే పైలట్ విమానాన్ని నడిపే కర్రను ఎటు నెట్టాలో ఆ గీత చెబుతుంది. తెలియనివాడు అలంకారం అనుకుని వదిలేస్తాడు. 1963లో మన వాయుసేనలో చేరిన మిగ్-21 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. దాని ఎలక్ట్రానిక్ పరికరాల కోసమే విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ 1965లో హైదరాబాద్ బాలానగర్‌లో విభాగం పెట్టింది. అంటే హైటెక్ సిటీ పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే ఈ ఊరికి కాక్‌పిట్‌తో చుట్టరికం ఉంది.

ఆ చుట్టరికం ఇప్పుడు రూపం మార్చుకుంది. హనీవెల్, కాలిన్స్ ఏరోస్పేస్ లాంటి విమాన పరికరాల కంపెనీలకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. గుండ్రటి డయళ్ళ స్థానంలో తెరలు వచ్చాయి, ముల్లు పోయి సాఫ్ట్‌వేర్ వచ్చింది. మోడల్ కట్టేవాడికి ఇది సుఖమా కష్టమా అంటే, నా మటుకు నష్టమే. మన యుద్ధవిమానం తేజస్ కాక్‌పిట్ 1/72లో నల్లటి చిన్న చతురస్రాలు. కరెంటు లేని తెర నల్లపలకే కదా! కొందరు తెర వెలుగుతున్నట్టు రంగు బొమ్మ అతికిస్తారు. హ్యాంగర్‌లో ఇంజిన్ ఆపి, పైలట్ లేకుండా నిలబెట్టిన విమానంలో ఆ తెర ఎందుకు వెలుగుతోందో వాళ్ళే చెప్పాలి.

ఇంతవరకూ ఏ కిట్ ఎవరు తెస్తే దానితో సరిపెట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు రెసిన్‌తో ముద్రించే త్రీడీ ప్రింటర్ ఫ్లాటు బాల్కనీలోకి వచ్చింది. 405 నానోమీటర్ల ఊదా కాంతి తగిలినచోట ద్రవ రెసిన్ గట్టిపడుతుంది. ఒక్కో పొర 0.05 మి.మీ., తెర మీద ఒక్కో చుక్క 0.03 నుంచి 0.05 మి.మీ. చేతొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి, గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు. సొంత యంత్రం లేనివాళ్ళకు రాయదుర్గంలో టి-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న తెరుచుకున్న ఈ నమూనాల తయారీ కేంద్రం 78 వేల చదరపు అడుగుల్లో ఉంది. త్రీడీ ముద్రణ, లేజర్ కోత వంటివన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి.

ఇంత సరంజామా చేతికందాక ఎవరైనా స్పిట్‌ఫైరే మళ్ళీ కడుతుంటే నాకు కొంచెం విసుగు. హెచ్‌ఏఎల్ కిరణ్ కట్టొచ్చు కదా. 1964లో మొదట ఎగిరిన ఈ శిక్షణ జెట్ దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో తరాల పైలట్లకు చదువు చెప్పింది. మంచి కిట్ దొరకడం కష్టం. గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు కాబట్టి మూత వెడల్పు, మూసినా పలక అంతా కనబడుతుంది. కర్రలు రెండు, పెడళ్ళు రెండు జతలు. 1/48లో కడితే ఒక్కో డయల్ 1.65 మి.మీ., ప్రింటర్ చుక్కల్లో అడ్డంగా ముప్పై మూడు నుంచి యాభై అయిదు. చుట్టూ అంచు, గుంటలు ఆ లెక్కకు చక్కగా వస్తాయి. ముళ్ళకు మాత్రం పాత పద్ధతే, నల్ల ఫిల్ము, వెనక తెల్లరంగు.