గాయం చేసిన వస్తువు – చట్టం చూపే దారి



మన సరిహద్దు జిల్లాల్లో ఇల్లు ఒక రాష్ట్రంలో, బజారు మరో రాష్ట్రంలో ఉండడం మామూలే. రాయదుర్గం వాళ్లు బళ్లారిలో కొంటారు. హోసూరు వాళ్లు బెంగళూరు వెళ్లి తెచ్చుకుంటారు. యానాం వాళ్లకు కాకినాడ బజారు దగ్గర. కొన్న వస్తువు బాగా పనిచేసినన్నాళ్లు ఈ ఎల్లలు గుర్తుకు రావు. అది పేలి ఒంటికి గాయమైన రోజున మాత్రం, "అంగడి ఆ రాష్ట్రంలో, మనం ఈ రాష్ట్రంలో, ఎవరు తిరుగుతారు?" అని ఊరుకుంటాం. అలా ఊరుకోనక్కరలేదని చెప్పడమే ఈనాటి ప్రసంగం ఉద్దేశం.

అందరి ఇళ్లలో ఉండే ప్రెషర్ కుక్కర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. మామూలు గిన్నెలో నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరిగి, వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది. పప్పు త్వరగా ఉడికేది అందుకే. ఒత్తిడి హద్దు దాటకుండా మూత మీది వెయిట్, అంటే మనం విజిల్ అనేది, లేచి ఆవిరిని వదులుతుంది. ఆ దారి మూసుకుపోతే సేఫ్టీ వాల్వ్ తెరుచుకోవాలి. ఈ రెండో కాపలా నాసిరకమైతే మూత ఎగిరిపోతుంది. ఎదురుగా నిలబడ్డ ఇల్లాలి ముఖం, చేతులు కాలిపోతాయి.

అప్పుడు ఏం జరుగుతుంది? నాలుగు రోజులు ఆసుపత్రి. ఈలోగా ఇంట్లోవాళ్లు "అచ్చిరాని వస్తువు" అని ఆ కుక్కర్‌ను పాత సామానులవాడికి వేసేస్తారు. లేదా దుకాణదారు "పాతది ఇచ్చేయండి, కొత్తది ఇస్తాను" అంటే సంతోషంగా మార్చుకుంటారు. మొత్తం వ్యవహారంలో పెద్ద నష్టం ఇక్కడే జరుగుతోంది. పేలిన ఆ కుక్కరే మీ మొదటి సాక్షి. సాక్షిని చేజేతులా పంపేశాక చట్టం ఎంత మంచిదైనా మీకు చేయగలిగింది కొంచెమే.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. మన దేశంలో మొదటి వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జులై నుంచి అమలులో ఉంది. మనం ఇప్పటికీ ఫోరం అని పిలుచుకునే దానికి ఇప్పుడు జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ అని పేరు. పేరు ఒక్కటే మారలేదు. "ఉత్పత్తి బాధ్యత" అని ఒక అధ్యాయమే కొత్తగా చేర్చారు. లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయమైనా, జబ్బు చేసినా, ప్రాణం పోయినా, ఇతర ఆస్తి పాడైనా ఎవరు పరిహారం ఇవ్వాలో ఆ అధ్యాయం చెబుతుంది. గాయం వల్ల కలిగిన మనోవేదన కూడా లెక్కలోకి వస్తుంది.

మొదటి బాధ్యత తయారు చేసిన కంపెనీది. తయారీలో లోపం ఉన్నా, అసలు నమూనాలోనే లోపం ఉన్నా, వాడే విధానం, ప్రమాద హెచ్చరికలు సరిగ్గా రాయకపోయినా కంపెనీ జవాబు చెప్పాలి. "మేము జాగ్రత్తగానే చేశాం" అన్నంత మాత్రాన తప్పించుకోలేదు. అమ్మిన దుకాణదారు ప్రతిసారీ బాధ్యుడు కాడు. కానీ వస్తువును తాను మార్చి అమ్మినా, బిగించడంలో, పరీక్షించడంలో అజాగ్రత్త చూపినా, తన తరఫున ప్రత్యేకంగా హామీ ఇచ్చినా బాధ్యుడవుతాడు. ఇంకో ముఖ్యమైన మాట. తయారీదారు ఎవరో తెలియకపోయినా, మన చట్టానికి అందని విదేశీ కంపెనీ అయినా అమ్మినవాడే జవాబుదారీ. సంతలో పేరూ ఊరూ లేని వస్తువు అమ్మేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవారికీ ఈ హక్కులు ఉన్నాయి.

"కొన్నది మామగారు, కాలింది కోడలికి. ఆమె ఫిర్యాదు చేయవచ్చా?" అని అడుగుతారు. చేయవచ్చు. కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. గాయపడింది చిన్నపిల్లలైతే తల్లిదండ్రులు, మనిషి చనిపోతే వారసులు ఫిర్యాదు చేయవచ్చు. వ్యాపారం కోసం కొన్న వస్తువులకు ఈ చట్టం వర్తించదు గానీ, సొంతంగా పొట్టపోసుకోవడానికి కొన్నవాటికి వర్తిస్తుంది. టిఫిన్ బండి నడుపుకునే అమ్మ, కుట్టుమిషనుతో బతికే అక్క ఇందులోకి వస్తారు.

ఇప్పుడు ఎదుటి పక్షం వాదన విందాం. సాధారణంగా వాళ్లు చెప్పేది ఒకటే: "వాడకంలో తప్పు జరిగింది." వస్తువును చెప్పిన పద్ధతికి విరుద్ధంగా వాడినట్లు, లేదా దాన్ని మార్చినట్లు తేలితే పరిహారం అడగలేమని చట్టమే అంటోంది. పప్పు నిండా నింపారనీ, కంపెనీది కాని వాల్వ్ బిగించారనీ అంటారు. కాబట్టి మనం రెండు పనులు చేయాలి. కుక్కర్‌తో వచ్చిన చిన్న పుస్తకాన్ని పారేయకుండా చదవాలి. విడిభాగాలు మార్చినప్పుడు సరైనవే వేయించి బిల్లు తీసుకోవాలి.

ప్రమాదం జరిగితే ముందు వైద్యం. డాక్టరుగారిని అడిగి చీటీలో "కాలిన గాయం" అని మాత్రమే కాక, కుక్కర్ పేలడం వల్ల అయిందని రాయించండి. కుక్కర్, మూత, వెయిట్, రబ్బరు, అట్టపెట్టె అన్నీ కడగకుండా, బాగుచేయించకుండా ఒక సంచిలో కట్టి దాచండి. వంటిల్లు శుభ్రం చేయకముందే ఫొటోలు తీయండి. కొన్న బిల్లు, మందుల బిల్లులు, కూలి పోయిన రోజుల లెక్క ఒక్కచోట పెట్టండి. బిల్లు లేకపోతే ఫోన్ ద్వారా డబ్బు చెల్లించిన వివరం, గ్యారంటీ కార్డు కూడా ఉపయోగపడతాయి. తరువాత కంపెనీకి, దుకాణానికి స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. వస్తువును చూస్తామని వాళ్లు వస్తే చూపించండి, ఇచ్చి పంపకండి. అవసరమైతే కమిషనే దాన్ని ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించుకుంటుంది. పరీక్ష రుసుము మాత్రం ముందుగా మీరు కట్టాల్సి రావచ్చు.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? సరిహద్దు వాసులమైన మనకు అసలు మేలు ఇక్కడే ఉంది. పాత చట్టంలో కంపెనీ లేదా దుకాణం ఉన్నచోట, లేదా వివాదానికి కారణం పుట్టినచోట ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, లేదా పనిచేసే జిల్లాలోనే చేయవచ్చు. బెంగళూరులో కొన్న వస్తువుకు హోసూరు మనిషి తన జిల్లా కమిషన్‌లోనే న్యాయం అడగవచ్చు. ఎదుటి పక్షమే అక్కడికి రావాలి.

వస్తువుకు మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు. చూసేది వస్తువు ధరను, మీరు అడిగే పరిహారాన్ని కాదు. ధర 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుమే లేదు. రెండు వేల రూపాయల కుక్కర్ వల్ల జరిగిన నష్టానికి మూడు లక్షలు అడిగినా ఫీజు సున్నాయే. వకీలు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. ఫోన్‌లో, కంప్యూటర్‌లో దాఖలు చేయడానికి 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి ఉంది. వీడియో ద్వారా విచారణకు హాజరవుతామని కోరే వీలూ ఉంది. మీ కాగితాలు తెలుగులో ఉంటే, అక్కడి కార్యాలయంలో నడిచే భాషలోకి అనువాదం చేయించి జతపరచండి. రెండు భాషలు వచ్చినవారు మన ఊళ్లలో కొదువా?

గడువు మాత్రం మరవవద్దు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపాలి. ఎదుటి పక్షం 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, ఉన్నది ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఇంతకంటే ఎక్కువ పడుతుంది, ఓపిక పట్టాలి. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు ఉంది.

ఇతర దారులూ ఉన్నాయి. 1915 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు కంపెనీతో రాజీకి ప్రయత్నిస్తారు. అయితే ఫోన్ చేసినంత మాత్రాన రెండేళ్ల గడువు ఆగదు. వినియోగదారుల చట్టం ఇతర చట్టాలకు అదనం కాబట్టి సివిల్ కోర్టు తలుపూ మూసుకుపోలేదు. ప్రమాదం వంటగ్యాస్ వల్ల అయితే వెంటనే డిస్ట్రిబ్యూటరుకు రాతపూర్వకంగా తెలపండి. నమోదైన వినియోగదారుల కోసం చమురు కంపెనీలు బీమా చేయించి ఉంటాయి.

చివరిగా ఒక జాగ్రత్త. 2021 ఫిబ్రవరి నుంచి ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. అదే ఏడాది డిసెంబరులో, ఆ గుర్తు లేని హెల్మెట్లు, కుక్కర్లు, గ్యాస్ సిలిండర్లు కొనవద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ హెచ్చరించింది. కొనేముందు గుర్తు చూడండి, బిల్లు అడగండి. అన్నీ చూసి కొన్నా గాయమైతే, ఆ వస్తువును అటక మీద భద్రంగా పెట్టి, మీ జిల్లా కమిషన్‌కు వెళ్లండి. అక్కడ సాక్ష్యం చెప్పేది అదే.