ముందు బ్రేకు, ముందుచూపు

రవాణా శాఖ మైదానంలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేస్తే బైకు లైసెన్సు వస్తుంది. కారుకైతే హెచ్ ట్రాకు, రివర్సు, ఎత్తులో ఆపిన బండిని వెనక్కి జారకుండా కదిలించడం. ఇవన్నీ రావలసినవే. కానీ ఈ పరీక్ష చూసేది బండి అదుపులో ఉందా లేదా అన్నది మాత్రమే, అదీ నడకను కాస్త మించిన వేగంలో. ఆ ట్రాకు మీద డివైడర్ సందులోంచి దూరే ఆటో ఉండదు, వెనక లైటు లేని ట్రాక్టరు ఉండదు, సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లూ ఉండవు. లైసెన్సు అందిన మర్నాడే మన పిల్లలు హైవే ఎక్కుతారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే.

లైసెన్సు వచ్చాక కూడా నేర్చుకోవలసింది ఉందన్న ఆలోచనకు బ్రిటన్‌లో పాత చరిత్రే ఉంది. లండన్ పోలీసులు 1930లలోనే హెండన్‌లో తమ డ్రైవర్లకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టారు. ఆ పద్ధతినే ‘రోడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకంగా 1955లో మామూలు జనానికి అందుబాటులోకి తెచ్చారు. మరుసటి ఏడాది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ మోటరిస్ట్స్ ఏర్పడింది. అనుభవజ్ఞులైన వాలంటీర్లు కారులో పక్కన కూర్చునో, బైకు మీద వెనకే వస్తూనో నేర్పిస్తారు. తర్వాత పరీక్ష ఉంటుంది.

అక్కడ నేర్పే క్రమం ఇది: ముందు సమాచారం, తర్వాత రోడ్డు మీద మన స్థానం, ఆపైన వేగం, గేరు, చివరికి యాక్సిలరేటర్. మలుపు వచ్చినా, కూడలి వచ్చినా, ఆగిన బస్సు ఎదురైనా ఇదే వరస. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తాం. వేగంగా వెళ్లి, దగ్గరయ్యాక బ్రేకు తొక్కి, అప్పుడు చూస్తాం ఏముందా అని.

ఈ శిక్షణలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది, నడుపుతూ చూసినదాన్ని పైకి చెప్పే సాధన. మన రోడ్డు మీదైతే ఇలా ఉంటుంది: “ఎడమ పక్క బస్సు ఆగింది, దాని ముందునుంచి ఎవరైనా దాటొచ్చు, కాస్త కుడికి జరుగుతున్నాను. ముందున్న ఆటోవాడు పక్కకు చూస్తున్నాడు, బేరం కోసం ఉన్నట్టుండి ఆపొచ్చు, దూరం పెంచుతున్నాను. కల్వర్టు దాటగానే రోడ్డు మీద మట్టి చారలు ఉన్నాయి, పొలంలోంచి ట్రాక్టరు ఎక్కి ఉంటుంది.” రెండు నిమిషాలు ఇలా మాట్లాడితే చాలు, ఇన్నాళ్లూ ఎంత చూడకుండా నడిపామో తెలిసిపోతుంది.

అయితే ఏ శిక్షణైనా ప్రాణాలు కాపాడుతుందని అనుకోవడానికి వీల్లేదు. నార్వే 1979లో కొత్త డ్రైవర్లకు జారుడు రోడ్డు మీద బండిని అదుపు చేసే శిక్షణ తప్పనిసరి చేసింది. తర్వాత పరిశీలిస్తే, ముఖ్యంగా కుర్రాళ్లలో జారుడు రోడ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. జారినా నిలదొక్కుకోగలమన్న ధీమా వచ్చింది, దాంతో వేగం తగ్గించలేదు. ప్రమాదంలోంచి బయటపడే ఒడుపు ఒక్కటే నేర్పితే ప్రమాదం దగ్గరికి వెళ్లే ధైర్యం కూడా వెంట వస్తుంది. అందుకే ముందు కంటికీ బుద్ధికీ నేర్పాలి, చేతులకు తర్వాత.

చేతులకు నేర్పవలసింది అసలు లేదని కాదు. “ముందు బ్రేకు పట్టుకోకురా, బోర్లా పడతావ్” అన్న మాట దాదాపు ప్రతి ఇంట్లో వినిపించేదే. ప్రేమతో చెప్పే మాటే గానీ, అది సగమే నిజం. బ్రేకు వేయగానే బండి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టినా అది బిగుసుకుని జారుతుందే తప్ప బండి త్వరగా ఆగదు. పొడి రోడ్డు మీద ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. మనవాళ్లను పడేసేది ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజడం, లేదా బండి వంగి ఉన్నప్పుడు, ఇసుక మీద ఉన్నప్పుడు పట్టడం. బండిని నిటారుగా ఉంచి, రెండు బ్రేకులూ వాడుతూ, లీవరును మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోవాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అది చక్రం బిగుసుకోకుండా చూస్తుంది గానీ, మన బదులు ముందుచూపు చూడదు.

ముందుచూపు విలువ లెక్కలో చూడండి. అపాయాన్ని గుర్తించి బ్రేకు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ లోపే బండి 25 మీటర్లు వెళ్లిపోతుంది. మంచి పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి, మొత్తం 45. అదే 80 మీదైతే దాదాపు 70 మీటర్లు. అంటే 60లో వచ్చిన బండి పూర్తిగా ఆగిన చోటికి, 80లో వచ్చింది ఇంకా 65 వేగంతోనే చేరుతుంది. ఇరవై తగ్గించి నడిపినా, ఒక్క సెకను ముందే పసిగట్టినా దక్కేది ప్రాణమే.

మన దగ్గర దర్శిలో, సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో మంచి ట్రాకులున్న శిక్షణ సంస్థలు ఉన్నాయి. అవి ఎక్కువగా డ్రైవింగే వృత్తిగా ఉన్నవారికి ఉపయోగపడుతున్నాయి. రోజూ బైకు మీద ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవారికి అలాంటి చోట్ల వారాంతపు శిక్షణ దొరకాలి. లైసెన్సు పరీక్ష కూడా మారాలి. బ్రిటన్‌లో 2002 నవంబరు నుంచి అభ్యర్థులకు రోడ్డు వీడియోలు చూపించి, అపాయం రూపుదిద్దుకుంటుండగానే గుర్తించారా లేదా అని పరీక్షిస్తున్నారు. కారుకూ బైకుకూ ఇది తప్పనిసరి. మన కూడళ్లలో, మన పల్లె మలుపుల్లో తీసిన వీడియోలతో తెలుగులోనే అలాంటి పరీక్ష పెట్టడం మన రెండు ప్రభుత్వాలకూ పెద్ద ఖర్చేమీ కాదు. అది వచ్చేదాకా, మీ ఇంట్లో కొత్తగా కారు నడుపుతున్నవారు ఎవరైనా ఉంటే ఈ ఆదివారం పక్క సీట్లో కూర్చోండి. కనబడుతున్నది పైకి చెబుతూ నడపమనండి. కొత్తగా బైకు పట్టినవారైతే ఖాళీ మైదానానికి తీసుకెళ్లి, హెల్మెట్ పెట్టించి, 20 వేగంలో ముందు బ్రేకు మెల్లగా బిగించడం నేర్పించండి.