ముదిమిలో మూత్రాశయము

వయసు మీరినవారు రాత్రివేళ రెండు మూడు పర్యాయములు మూత్రవిసర్జనకై లేచుట మన యిండ్లలో సర్వసాధారణము. పెద్దలు దీనిని చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. పిన్నలు ముసలితనమని త్రోసివేయుదురు. ఇందలి కారణము నించుక పరిశీలింతము.

మూత్రాశయము కండరముతో నేర్పడిన సంచి. పెద్దవారిలో నిది సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు పట్టును. ఇది తోలుతిత్తివలె ఊరక సాగునది కాదు. నిండుచున్నంతసేపు సడలియుండుట, విడుచునపుడు ముడుచుకొనుట దీని పనులు. ఈ రెంటికిని వేర్వేరు ఆజ్ఞలు కలవు.

నిండునపుడు వెన్నుపామునుండి బయలుదేరిన నాడులు నారడ్రినలిన్ అను రసాయనమును వెలువరించును. దాని నందుకొనుటకు కండరకణముపై బీటా-3 అను గ్రాహకములు కలవు. అది వాకిటనే నిలిచిపోవును. వార్తను లోనికి గొనిపోవునది కణములో పుట్టు సైక్లిక్ ఏ.ఎం.పి. అను రెండవ దూత. ఆ దూత పనిచేయగా కణములోని కాల్షియము తగ్గి, కండరము సడలును. ఈ దూతను కనుగొన్న అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్ల్ సదర్లాండునకు 1971లో నోబెల్ బహుమానము లభించెను. విడుచువేళ వేరొక నాడి ఎసిటైల్ కోలిన్ ను పంపగా కాల్షియము హెచ్చి, కండరము ముడుచుకొనును.

ముసలి యెలుకల మూత్రాశయమును పరిశీలింపగా, సడలుమను ఆజ్ఞకు కండరము మునుపటివలె స్పందింపదనియు, సైక్లిక్ ఏ.ఎం.పి. ఉత్పత్తి తగ్గుననియు తేలినది. సడలింపు చాలనిచో సంచి నిండకమునుపే బిగువు హెచ్చి తొందర కలుగును. అయితే మనుష్యులలో నిదియొక్కటే కారణము కాదు. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుట, మధుమేహము, రాత్రివేళ మూత్రము అధికముగా తయారగుట మున్నగునవియు కలవు. కనుక వైద్యపరీక్ష యవసరము.

2012లో అమెరికాలో ఆమోదము పొందిన మిరాబెగ్రాన్ అను ఔషధము ఆ బీటా-3 గ్రాహకములనే ప్రేరేపించును. అది రక్తపోటును హెచ్చింపగలదు గావున వైద్యుని యనుమతి లేక వాడరాదు.

తొందరకు వెరచి పెద్దలు నీరు త్రాగుట మానుదురు. అది మేలు కాదు. మూత్రము చిక్కబడి బాధ హెచ్చును. పగలు తగినంత నీరు త్రాగి, సాయంకాలము కాఫీ, టీలు తగ్గించుట మంచిది. చీకటిలో తొందరపడి లేచి, జారిపడి తుంటి యెముక విరుగగొట్టుకొనువారు కలరు; కావున దారిలో చిన్న దీపముంచవలెను. మూత్రములో రక్తము కనిపించినను, మూత్రము బంధించినను వెంటనే వైద్యుని చూడవలెను. ఇట్టి బాధను సిగ్గు విడిచి చెప్పుట పెద్దలకును, శ్రద్ధతో వినుట పిన్నలకును కర్తవ్యము.